ఆళ్లగడ్డ ఎరుపు

జరిగినవి జరిగిన వరుసలోనే ముందు రాస్తాను.

ఒకటి. శనివారం ఉదయం మిల్లులో దూది బేళ్ల తూకం చూస్తున్నాను. మా పేటలో పాలు పోసే ముసలమ్మ వచ్చి మిల్లు గేటు దగ్గర నిలబడింది. ఆమె అంతదూరం ఎన్నడూ రాలేదు. అందువల్ల ఆమె నోరు తెరవక ముందే పెన్నుకు మూత పెట్టాను.

రెండు. "మీ బావ లేస్తాలేడప్పా. పిలిస్తే పలకల్యా," అని మాత్రమే అంది. పోయాడని అనలేదు.

మూడు. నేను వెళ్లేసరికి బావ గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. కుడి చేతి నడిమి వేలికి కుట్టుపనివాళ్లు తొడుక్కునే ఇత్తడి టోపీ ఉంది. ఒళ్లు చల్లబడింది.

నాలుగు. ఒళ్లో గుడ్డ ఉంది. నిలువు మనిషిని కప్పేంత గుడ్డ. దాని మీద ఒక్క కుట్టు కూడా లేదు.

ఐదు. పాస్టరు గారికి, వడ్రంగికి, గొయ్యి తవ్వేవారికి నేనే కబురు పంపాను. ఆ తరువాత కూర్చుని ఏడ్చాను.

నాలుగో అంకె దగ్గర చదివేవారు ఒక్క క్షణం ఆగి ఉంటారు. ఆ గుడ్డ మీద మా బావ పది సంవత్సరాలకు పైగా పనిచేశాడని పేటలో అందరికీ తెలుసు. పది సంవత్సరాలు కుట్టిన గుడ్డ మీద ఒక్క కుట్టు కూడా లేకపోవడం ఎట్లా జరిగిందో చెప్పడానికే మిగిలినది రాస్తున్నాను.

మా అక్కను చేసుకున్నాడు కాబట్టి నాకు బావ. రైల్వేలో గేటుమానుగా పనిచేశాడు కాబట్టి పేటలో అందరికీ గేటన్న. నంద్యాలకు పాణ్యం వైపున, పట్టాలు జొన్నచేలలోకి వెళ్లే చోట ఆయన గేటు గది ఉండేది. బండికీ బండికీ నడుమ చాలా పొద్దు మిగిలేది. ఆ పొద్దును తక్కిన గేటుమాన్లు బీడీలకో, కునుకుకో, పులిజూదానికో ఇచ్చేవారు. మా బావ సూదికి ఇచ్చాడు.

సూది పట్టడం ఆయనకు నేర్పింది మా అక్కే. డెబ్బైల మొదట్లో ఆమె ఊపిరితిత్తుల జబ్బుతో మిషన్ ఆసుపత్రిలో నెలల తరబడి ఉండిపోయింది. మంచం పట్టిన ఆడవాళ్లకు పొద్దుపోయేందుకు అక్కడ ఒక నర్సమ్మ క్రాస్ కుట్టు నేర్పేది. దానికి మ్యాటీ గుడ్డ కావాలి. పోగులు జంటలు జంటలుగా నేసిన ముతక గుడ్డ అది. దాని మీద గళ్లు కంటికి కనిపిస్తాయి. ఒక గడిలో మూల నుంచి మూలకు ఒక కుట్టు, దాని మీద అడ్డంగా ఇంకొకటి. అంతే. నేర్చుకోవడానికి అంతకన్నా సులభమైన కుట్టు లేదు. తప్పును దాచుకోవడానికి అంతకన్నా కష్టమైన కుట్టూ లేదు.

బావ డ్యూటీ దిగి వచ్చి ఆమె మంచం పక్క స్టూలు మీద కూర్చునేవాడు. మొదట సూదికి దారం ఎక్కించి ఇచ్చేవాడు. తరువాత ఆమె చెయ్యి నొప్పిగా ఉన్నప్పుడు ఒకటి రెండు గళ్లు తానే కుట్టేవాడు.

"నీకు సేతకాదులే. జెండా పట్టుకునే సెయ్యి," అని అక్క నవ్వేది.

"జెండా కూడా గుడ్డే గదా."

"అయితే దానికీ పూలు కుట్టుకోపో. డ్రైవరు మురిసిపోయి నడిమిట్లోనే నిలబడ్తాడు."

నవ్వితే ఆమెకు దగ్గు వచ్చేది. అందుకని ఆయన జవాబులను మింగేసేవాడు. వాళ్లిద్దరికీ పిల్లలు లేరు. అక్క ఆ మంచం మీదనే పోయింది.

ఆమె శవపెట్టెకు కావలసిన పలకలు నేనే మిల్లులో అడిగి తెచ్చాను. యంత్రాలు వచ్చిన పెద్ద చెక్కపెట్టెల పలకలు అవి. వడ్రంగి ఎంత చిత్రిక పట్టినా ఒక పక్క పలక మీద నల్లటి ఇంగ్లీషు అక్షరాలు పోలేదు. బావకు ఇంగ్లీషు రాదు. సమాధుల దాకా దారి పొడుగునా ఆయన చూపు ఆ అక్షరాల మీదనే ఉంది. గొయ్యి దగ్గర నన్ను అడిగాడు.

"ఏమని ఉండాదిరా అది?"

"ఈ వైపు పైకి ఉంచవలెను, అని ఉంది బావా."

అక్షరాలు తలకిందులుగా ఉన్న సంగతి నేను చెప్పలేదు. చదువు రాకపోయినా అది ఆయనకు తెలిసిపోయిందని తరువాత గ్రహించాను. కొన్ని వారాలు గడిచాయి. ఒక ఆదివారం ప్రార్థన ముగిశాక నన్ను పక్కకు పిలిచాడు.

"పెద్ద గుళ్లల్లో పెట్టె మింద గుడ్డ కప్పుతారంట. మన పేటలో కూడా కప్పల్ల. ఒకటే గుడ్డ. ఎవురు పోయినా అదే. గుంతలోకి దించే ముందర తీసి మడిసిపెట్టుకునేది. కింద పలకలు ఏవైనా కానీ, ఎవురికీ కనపడగూడదు."

"కొందామా బావా?"

"కుడ్తా," అన్నాడు.

ఆయన జీవితంలో ఇంకేదీ ఇంతగా కోరుకోగా నేను చూడలేదు. పేటలో మరొకరి పెట్టె బోడిగా పోయేలోపల ఆ గుడ్డ పూర్తి కావాలి. అదొక్కటే.

నమూనా నేను వేశాను. బొమ్మలు వేయడం నాకెవరూ నేర్పలేదు. గళ్ల కాగితం మీద పెన్సిలుతో చుక్కలు పెట్టుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను. నడుమ సిలువ, చుట్టూ దానిమ్మ కొమ్మలు. అంతా ఒకే ఎరుపు. ఒక మూల అక్క పేరు పెడదామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "పేరు రాస్తే ఒకరిదైతాది," అన్నాడు.

రంగు కోసం ఇద్దరమూ బస్సెక్కి ఆళ్లగడ్డకు వెళ్లాం. బజారు వెనక సందులో తాతల నాటి నుంచి నూలుకూ గుడ్డకూ రంగులు వేసే ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఇంటి పెద్దను ఊరంతా రంగు సాయిబు అనేది. పెరట్లో కాగులు, వాటి పక్కన రాతి ఒరల బావి, ఆ చివరి నుంచి ఈ చివరికి తాళ్లు. తాళ్ల మీద ఆరుతున్న దారపు చిలపలు, చుట్టలుగా కట్టిన నూలు.

బావ రంగును చూసి కొనడు, పరీక్షించి కొంటాడు. చిలప కొసను నీళ్లలో ముంచి తన తెల్ల చేతిగుడ్డ మీద గట్టిగా రుద్దుతాడు. గుడ్డకు రంగు అంటితే ఆ చిలపను మళ్లీ తాకడు. అంటకపోతే మొదట వాకిలి నీడలో, తరువాత ఎండలో, ఆపైన చీకటి గదిలో కిటికీ సందు దగ్గర పెట్టి చూస్తాడు. మూడు చోట్లా మనసుకు నచ్చాలి.

"జెండా ఎరుపు వద్దు సాయిబన్నా. అది ఆపే ఎరుపు. నాకు సాగనంపే ఎరుపు కావల్ల."

"ఎరుపంటే ఎరుపేనప్పా! అందులో ఆపేదేంది, సాగనంపేదేంది?"

"మరి నాలుగు తాళ్ల నిండా యాలాడేసినావే. అన్నీ ఒకటేనా?"

సాయిబు నడుం మీద చేతులు పెట్టుకుని ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. ఆ తరువాత ఇంట్లోకి కేక వేశాడు. "టీ పెట్టండమ్మా! ఈ మనిషి ఈ పొద్దు పొయ్యేటోడు మాదిరి లేడు."

మధ్యాహ్నం దాటాక ఎరుపు దొరికింది. గోడ పక్క తాడు మీద, అన్నిటికన్నా వెనక ఉన్న చిలప. ఎరుపునిచ్చే చిరివేరు, కరక్కాయ, పటిక కలిపి వేసిన రంగు. కోసి రెండు పూటలు గడిచిన దానిమ్మ తొక్క లోపలి అంచు చూసినవారికి ఆ ఎరుపు అర్థమవుతుంది. వెలుగులో అది మెరవలేదు. చీకటిలో నల్లబడలేదు. బావ దాన్ని వేలికి చుట్టుకుని మళ్లీ ఒకసారి వాకిలి దాకా నడిచి వచ్చాడు.

"ఇది నా గొప్ప కాదు, బాయిది," అన్నాడు సాయిబు. "ఈ నీళ్లు సున్నం నీళ్లు. తాగనీకి పనికిరావు, పప్పు ఉడకదు. ఈ ఎరుపుకు తప్ప దేనికీ పనికిరావు. ఒక్క మాట ఇనుకోండి. కావల్సిందంతా ఈ పొద్దే తీస్కపోండి. కాగు మారితే ఎరుపు మారతాది. తల్లి ఒకతే అయినా బిడ్డలు ఒకే మాదిరి పుడతారా?"

కుట్టు వేసే నేల గుడ్డను కూడా అక్కడే ఎంచుకున్నాం. తెల్లది మాసిపోతుంది, నల్లది బరువుగా కనిపిస్తుంది. కరక్కాయ నీళ్లలో ఒక్కసారి ముంచి తీసిన మ్యాటీ గుడ్డ మీగడ రంగులో ఉంది. దాని మీద ఎరుపు చిలప పెట్టి చూసి సరే అనుకున్నాం. అప్పుడు గాని సాయిబు ఇదంతా దేనికని అడగలేదు.

"సావుకు," అన్నాడు బావ.

"అయ్యో, సావు గుడ్డకు ఇంత బేరమా! మాలో అయితే తెల్లదే గదప్పా."

"మా పేటోళ్లు బతికినన్నాళ్లూ రంగు గుడ్డ కట్టినోళ్లు కాదు సాయిబన్నా. పొయ్యేటప్పుడన్నా."

 సాయిబు చిలపలను తానే పాత పంచెలో మూట కట్టి ఇచ్చాడు. నమూనాలో గళ్లు లెక్కించి ఎంత దారం కావాలో నేను చెప్పాను. బావ దానికి పైన ఇంకొంత తీసుకున్నాడు. లెక్క సరిగానే ఉంది. తరువాత దారం తక్కువపడింది లెక్క తప్పి కాదు.

గేటు గదిలో ఆయన పని పద్ధతి ఇది. చేతులు సబ్బుతో కడుక్కుని, ఆరేదాకా గాలికి పట్టుకుని, తరువాతే గుడ్డ విప్పేవాడు. పై కుట్టు ఎప్పుడూ ఒకే వైపుకు వాలాలి. ఒక్కటి అటు తిరిగినా ఎండలో మెరుపు మారి కనిపిస్తుంది. బండి కూత వినబడినప్పుడు సూది గడి మధ్యలో ఉంటే, ఆ గడి ముగించేవాడు, లేదా దారం వెనక్కు లాగేసేవాడు. సగం కుట్టును వదిలి గేటు వెయ్యడానికి లేవడు.

పట్టాలు చూసుకుంటూ వచ్చే గ్యాంగు మనుషులకు ఆయన పెద్ద కాలక్షేపం.

"ఏం గేటన్నా, ఎవురికి జాకెట్టు?" అని ఒకడు అడిగాడు, నేను అక్కడ ఉన్న రోజే.

"నీకే అబ్బీ. కొలత ఇచ్చిపో," అన్నాడు బావ తలెత్తకుండా. "నిలబడి కాదు, పండుకుని."

మిగతావాళ్లు పడీపడీ నవ్వారు. అడిగినవాడు నవ్వలేదు. దగ్గరికి వచ్చి తువ్వాలుతో చేతులు తుడుచుకుని గుడ్డ అంచును తాకాడు.

"నిజంగా నాకు కూడా కప్పుతారా అన్నా?"

"నీకు, నాకు, ఎవురికైనా."

గుడ్డ వెనకవైపు కూడా ముందువైపు మాదిరే శుభ్రంగా ఉండేది. ఒక్క ముడి కనిపించేది కాదు. దారం కొసలను కుట్ల కిందుగా పోనిచ్చి దాచేవాడు. అంత శ్రమ ఎందుకు, ఎవరు చూస్తారు అని ఒకసారి అడిగాను.

"పైన సూసేటోళ్లు బతికినోళ్లురా. ఇంటికి పోతారు, అన్నం తింటారు, మర్సిపోతారు. కింద నుంచి సూసేటోడు ఒక్కడే. ఆయప్పకు ఇంక సూసేదానికి యేరే ఏముండాది?"

ఆయన మాటల్లో నేను మరచిపోలేనిది ఇది. 

గుడ్డ సగానికి వచ్చిన కాలంలో పేటలో ఒక పసిబిడ్డ పోయింది. రాళ్లు కొట్టే వాళ్ల బిడ్డ. తండ్రి వచ్చి గుమ్మంలో నిలబడి గుడ్డ అడిగాడు. కాలేదని నేను చెప్పాను. అతను తల ఊపి వెళ్లిపోయాడు. బావ లోపల అంతా విన్నాడు.

"అయ్యేదాక సావద్దని ఎట్ల సెప్పల్ల వాళ్లకు?" అన్నాడు.

మిగులు మ్యాటీ గుడ్డలో అరచేయంత ముక్క కత్తిరించి, అదే ఎరుపుతో చిన్న సిలువ కుట్టి, పరుగున వెళ్లి బిడ్డ పిడికిట్లో పెట్టి వచ్చాడు. దానితో అది వాడుక అయింది. పేటలో ఎవరు పోయినా ఇంటివారు వచ్చి గేటన్న సిలువ అడిగేవారు. పాణ్యం వైపు పల్లెల నుంచి కూడా వచ్చేవారు. ఆయన ఎవరినీ లేదని పంపలేదు.

"దారం తరిగిపోతాంది బావా," అని నేను హెచ్చరించాను.

"ఉంచుకుంటే మాత్రం ఎవురి కోసరం ఉంచుకునేదిరా?"

దానిమ్మ కొమ్మల్లో చివరి మూల మిగిలి ఉండగా దారం అయిపోయింది. మిగతాది అరచేయంత ముక్కలుగా మట్టిలో, మూసిన పిడికిళ్లలో ఉంది.

మళ్లీ ఆళ్లగడ్డ బస్సెక్కాం. అప్పటికి ఎనభైలు వచ్చాయి. బావ రిటైరై మా ఇంటి పక్క గదిలో ఉంటున్నాడు. సాయిబు బాగా ముసలివాడయ్యాడు. మమ్మల్ని చూడగానే లేచాడు గాని నవ్వలేదు. చుట్టుపక్కల తోటల్లో బోర్లు వేశారట. బావి ఎండిపోయింది. బావ ఒర మీద చేతులు ఆనించి లోపలికి చూశాడు. అడుగున పగిలిన కుండ పెంకులు, వాటి నడుమ జిల్లేడు మొక్క.

"బోరు నీళ్లతో ఏస్తాండా ఇప్పుడు," అన్నాడు సాయిబు. "చిరివేరు అదే, పటిక అదే, సెయ్యి అదే. రంగు మాత్రం రాల్యా."

పాత దారం తుంపును తానే తీసుకుని కొత్త చిలప మీద పెట్టి చూపించాడు. కొత్తది ఇటుక రంగుకు తిరిగింది. పక్కపక్కన లేకపోతే అది కూడా మంచి ఎరుపే. పక్కపక్కన ఉంటే రెండూ ఒక గుడ్డ మీద ఉండలేవు.

"తీస్కపోతే తీస్కపో. అదే ఎరుపని మాత్రం నా నోటితో సెప్పనప్పా."

బావ ఆ పూట గుడ్డ మొత్తానికి సరిపోయేంత కొత్త చిలపలు తీసుకున్నాడు. మూలకు కావలసినంత చాలు కదా, ఇంత ఎందుకు అని నేను దారిలో అడిగాను.  నంద్యాలలో బస్సు దిగాక అన్నాడు.

"అంతా ఇప్పేస్తా. మొదట్నుంచి ఒకే ఎరుపుతో కుడ్తా."

నేను అభ్యంతరాలు వరుసగా చెప్పాను. ఆ మూలను అట్లాగే ఖాళీగా వదలవచ్చు. లేదా కొత్త ఎరుపుతో ముగించవచ్చు. నాలుగడుగుల దూరం నుంచి తేడా తెలియదు. అన్నిటికన్నా ముందు, ఆయన కంటిలో పొర కమ్ముతోంది. పది సంవత్సరాల పని మళ్లీ చేసే కళ్లు అవి కావు. పాస్టరు గారు కూడా వచ్చి కూర్చుని చెప్పి చూశారు.

"దూరం నుంచి ఎవురికి కనపడతాది గేటన్నా?"

"దూరం నుంచి కాదు సార్. ఆనుకుని పండుకునేటోనికి. ఒకరికి మంచి పక్క వస్తాది, ఇంకొకరికి అతుకు పక్క వస్తాది. అందరికీ ఒకటే అని నేనే గదా సెప్పింది?"

అది తప్పని ఈ రోజు నాకు తోస్తుంది. ఆ రోజు కూడా తోచింది. కాని పాస్టరు గారు లేచి వెళ్లారు, నేను కూడా మిల్లుకు వెళ్లిపోయాను.

ఆ ఎండాకాలమంతా విప్పాడు. వాకిట్లో వెలుతురుకు కూర్చుని, గుడ్డ తిరగేసి, చిన్న కత్తెర కొనతో వెనక నుంచి ఒక్కొక్క కుట్టూ తెంచి, వేలి గోరుతో పైకి లాగేవాడు. నా భార్య మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి, గుడ్డ వైపు చూడకుండా లోపలికి వచ్చేసేది. "బతికున్నదాని తోలు ఒలుస్తాండట్లుండాది. నేను సూడలేను," అని ఒకరోజు వంటింట్లో నిలబడి ఏడ్చింది. విప్పిన చోట నేల గుడ్డ రంగు లేతగా ఉండేది. దారం కింద ఇన్నేళ్లూ వెలుతురు తగల్లేదు. కొంతకాలం పాటు దానిమ్మ కొమ్మలు ఆ లేత నీడగా కనిపించాయి. ఆయన గుడ్డను ఉతికి ఆరవేశాక అవీ పోయాయి. తెగిన దారపు ముక్కలను మాత్రం పారవేయలేదు. ఒక సంచిలో వేసి మంచం కింద ఉంచుకున్నాడు.

తరువాత మొదలుపెట్టిన పని ముందుకు సాగలేదు. కొత్త ఎరుపు ఎక్కించి నడిమి సిలువ నుంచి కుట్టడం ఆరంభించాడు. గళ్లు కంటికి ఆనేవి కావు. వేలితో తడిమి లెక్కపెట్టేవాడు. సాయంత్రం నేను మిల్లు నుంచి రాగానే గుడ్డ చాపేవాడు.

"సరిగా ఉండాదా? నాకు మాత్రం అబద్ధం సెప్పొద్దురా."

"ఇక్కడ ఒక గడి జరిగింది బావా."

"యాడ?"

ఆయన వేలు పట్టుకుని ఆ చోట ఉంచేవాణ్ణి. మర్నాడు పొద్దున ఆ వరుసంతా విప్పేవాడు. అబద్ధం చెబితే మూడో రోజుకు ఆయన వేలికే తెలిసిపోయేది. ఒకసారి తప్పిన గడి పక్కవాటినన్నిటినీ తప్పిస్తుంది. కంటికి ఆపరేషన్ చేయిద్దాం, క్యాంపు పెడుతున్నారు అని ఎన్నోసార్లు అడిగాను. "పని నడిమిట్లో కండ్లకు కట్టు కట్టుకుని కూకుంటానా? గుడ్డ కానీ," అనేవాడు. గుడ్డ కావాలంటే కళ్లు కావాలి. కళ్లు బాగుచేసుకోవాలంటే గుడ్డ ముగియాలి. ఈ రెండింటి నడుమ ఆయన చివరి సంవత్సరాలు గడిచిపోయాయి. పోయే ముందు సాయంత్రం కూడా చాపాడు. నేను చూశాను. గడి జరిగిందని ఆ రోజూ చెప్పాను. తెల్లవారేలోగా ఉన్న కొద్ది కుట్లనూ విప్పేసి ఉంటాడు.

పెట్టె వచ్చిన తరువాత పెద్దలు గదిలో చేరారు. ఆ గుడ్డను చాపి అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఖాళీ గుడ్డ కప్పితే ఏం బాగుంటాది?" అంది పక్కింటావిడ మెల్లగా. "మా ఇంట్లో కొత్త దుప్పటి ఉండాది. పూలది."

మూలన కూర్చున్న ఒక ముసలి గ్యాంగు మనిషి లేచి నిలబడ్డాడు. "ఆయన గుడ్డే కప్పండమ్మా," అన్నాడు.

అదే కప్పాం. అంతకుముందు ఒక పని చేశాను. పెట్టెలో తల కింద పెట్టే చిన్న దిండులో దూది నింపడం వాడుక. నేను మంచం కింది సంచి తీసి, ఆ ఎర్రటి దారపు ముక్కలతో దిండు నింపాను. ఆళ్లగడ్డ బావి ఎరుపు ఈ లోకంలో ఇంకెక్కడా మిగలలేదు. ఉన్నదంతా మట్టిలోనే ఉంది.

సమాధుల దగ్గర గాలి ఎక్కువగా ఉంది. కుట్లున్న గుడ్డ బరువుగా ఉండి ఉన్నచోట ఉంటుంది. ఇది లేచిపోతూ వచ్చింది. పాస్టరు గారు వాక్యం చదువుతుంటే ఎవరో నాలుగు నల్లరేగడి గడ్డలు తెచ్చి నాలుగు మూలలా పెట్టారు. పెట్టెను దించే ముందు గడ్డలు తీసి, గుడ్డ తీసి, మడిచి నా చేతికి ఇచ్చారు. అది చాలా చిన్నగా మడత పడింది.

రెండు వారాల తరువాత పెద్దలు చందా వేసి పట్నం నుంచి మఖమలు గుడ్డ తెప్పించారు. ఊదా రంగు, అంచుకు జరీ కుచ్చులు, నడుమ మిషను మీద కుట్టిన సిలువ. వెనక లైనింగును జిగురుతో అంటించారు. ఇక మీద పేటలో ఎవరి పెట్టె పలకలూ కనిపించవు. ఆయన కోరింది అదే కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను. చెప్పుకున్నంత మాత్రాన నమ్మకం కలగడం లేదు.

కొత్త చిలపలు ఇంకా చాలానే మిగిలాయి. నా కళ్లు బాగానే ఉన్నాయి; నమూనా కాగితం కూడా ఉంది. ఇక ఎవరి మీదా కప్పబోని గుడ్డకు కుట్లు వేయడం ఎట్లాగో మాత్రం నాకు తెలియదు. ఆయన గుడ్డను నిన్న రెండోసారి ఉతికాను. నల్లరేగడి మచ్చ తొందరగా వదలదు. ఇప్పుడు వాకిట్లో తీగ మీద ఆరుతోంది. నాలుగు మూలలా నాలుగు నల్లటి మచ్చలు. నడుమ ఏమీ లేదు. ఎండ దాని గుండా ఇవతలికి వచ్చి గచ్చు మీద పడుతోంది.

నంద్యాల, సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలు.
చింతలపోగు ఆనందరత్నం